పిస్టల్ మ్యాగజైన్లు: కంపెనీ తయారీ, బయటి తయారీల విశ్వసనీయత

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటాలను వరసగా నిల్వ ఉంచి, ఒక్కొక్కటిగా పైకి అందించే పెట్టెను మ్యాగజైన్ అంటారు. చాలా పిస్టళ్లలో ఇది పిడిలోకి దూరుతుంది, ఊడదీయవచ్చు. పిస్టల్ తయారుచేసిన సంస్థ తన ముద్రతో అమ్మేది కంపెనీ మ్యాగజైన్. అదే పిస్టల్‌కు సరిపోయేలా వేరే సంస్థ సొంతంగా చేసి అమ్మేది బయటి మ్యాగజైన్. దీన్నే ఆఫ్టర్‌మార్కెట్ మ్యాగజైన్ అని కూడా వ్యవహరిస్తారు. ఎన్ని తూటాలు పేలిస్తే ఎన్నిసార్లు పిస్టల్ ఆగిపోతుంది, అందులో మ్యాగజైన్ కారణంగా ఎన్ని అన్నది విశ్వసనీయతకు కొలమానం.

ఈ వ్యాసం మ్యాగజైన్ నిర్మాణం, చరిత్ర, తయారీదారుల వర్గాలు, లోపాల తీరులు, పరీక్షా విధానాలను వివరిస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలోని రెడ్‌మండ్ నగరంలో ఈ విషయానికి వర్తించే చట్టాలను ప్రత్యేకంగా పరిశీలిస్తుంది. ఓరెగన్ రాష్ట్రంలో ఇదే పేరున్న మరో ఊరు ఉంది. అక్కడి చట్టం వేరు.

నిర్మాణం, పనితీరు

మ్యాగజైన్‌లో ప్రధాన భాగాలు నాలుగు: గొట్టం, స్ప్రింగ్, తూటాల దొంతరను కింద నుంచి మోసే ఫాలోయర్, అడుగు పలక. గొట్టం పైఅంచులు లోపలికి వంగి తూటా ఎగిరిపోకుండా పట్టుకుంటాయి. వీటిని ఫీడ్ లిప్స్ అంటారు. గొట్టానికి పక్కన ఉండే గాడిలో పిస్టల్ లోపలి క్యాచ్ కూర్చుని మ్యాగజైన్‌ను సరైన ఎత్తులో నిలుపుతుంది.

తూటా పేలగానే పిస్టల్ పైన కదిలే భాగమైన స్లయిడ్ వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి విసిరి, తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోని పై తూటాను నెట్టుకుపోతుంది. ఈ రాకపోకకు పట్టే కాలం సెకనులో పదో వంతు కన్నా తక్కువ. ఆలోపే స్ప్రింగ్ మిగిలిన దొంతరనంతా ఒక తూటా మందం మేర పైకి లేపాలి. స్లయిడ్ వేగానికీ స్ప్రింగ్ వేగానికీ మధ్య ఉన్న ఈ పోటీయే మ్యాగజైన్ విశ్వసనీయతకు మూలం. దొంతర నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బలం ఎక్కువే అయినా లేపాల్సిన బరువూ రాపిడీ ఎక్కువ. చివరి తూటాలకు వచ్చేసరికి బరువు తగ్గుతుంది, స్ప్రింగ్ బలమూ తగ్గుతుంది. అందుకే లోపాలు మొదటి ఒకటి రెండు తూటాల దగ్గర, మళ్లీ చివరి తూటా దగ్గర ఎక్కువగా బయటపడతాయి.

ఫీడ్ లిప్స్ పని తూటాను పట్టుకోవడంతో ముగియదు. తూటా ఏ కోణంలో పైకి చూడాలి, ఎంత దూరం జారాక విడుదల కావాలి అన్నది కూడా అవే నిర్ణయిస్తాయి. తొందరగా విడిచిపెడితే తూటా అదుపు తప్పుతుంది. ఆలస్యంగా విడిచిపెడితే ముక్కు ర్యాంప్‌కు, అంటే తూటా పేలే గది అయిన ఛాంబర్‌లోకి దారితీసే వాలుకు, గుచ్చుకుంటుంది. ఇక్కడి కొలతల్లో మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా ఫలితాన్ని మార్చగలదు. బయటి తయారీదారు కంపెనీ నక్షా లేకుండా, మార్కెట్లో దొరికిన నమూనాలను కొలిచి ఈ వంపును పునరుత్పత్తి చేయాలి. అతని కష్టమంతా ఈ పై సెంటీమీటరు దగ్గరే ఉంటుంది.

తూటా ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. 9 మిల్లీమీటర్ల లూగర్ తూటా తొడుగు అడుగున సుమారు 9.93 మి.మీ., మూతి దగ్గర సుమారు 9.65 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఇలా సన్నబడే తొడుగులను ఒకదానిపై ఒకటి పేరిస్తే దొంతర ముందుకు వంగుతుంది. పొట్టి మ్యాగజైన్‌లో ఇది తెలియదు, పొడవైనదాంట్లో గొట్టం దీన్ని సర్దుకోవాలి.

చరిత్ర

పెట్టె ఆకారపు మ్యాగజైన్‌కు జేమ్స్ పారిస్ లీ 1879లో అమెరికాలో పేటెంట్ పొందాడు. అది రైఫిల్ కోసం. పిస్టల్ పిడిలో ఊడదీయదగిన మ్యాగజైన్‌ను విజయవంతంగా అమర్చినది హ్యూగో బోర్హార్ట్ రూపొందించిన సీ93 పిస్టల్. ఎనిమిది తూటాలు పట్టే ఆ ఏర్పాటు తరువాత వచ్చిన లూగర్‌కూ సంక్రమించింది. లూగర్ యంత్రాంగం వేగంగా ముందుకు మూసుకునేది కనుక దానికి బలమైన స్ప్రింగ్ అవసరమయ్యేది. మడిచిన రేకుతో చేసిన తొలి గొట్టాల స్థానంలో జర్మనీకి చెందిన హేనెల్ సంస్థ అతుకులేని గొట్టాలను తీసుకురావడంతో ఆ పిస్టల్ పనితీరు మెరుగుపడింది. పిస్టల్ మారకుండా మ్యాగజైన్ మాత్రమే మారి ఫలితం మారిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన అయిన కోల్ట్ 1911 పిస్టల్‌కు ఏడు తూటాల ఒంటి వరస మ్యాగజైన్ ఉండేది. తొలినాటి గొట్టాల పైభాగాన్ని మాత్రమే గట్టిపరిచేవారు. అందువల్ల అవి రెండు రంగుల్లో కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ మ్యాగజైన్లను కోల్ట్‌తోపాటు స్కోవిల్, రిస్డన్, జనరల్ షేవర్ వంటి గుత్తేదారులు కూడా చేశారు. వీటిలో జనరల్ షేవర్ ఎలక్ట్రిక్ షేవర్లు చేసే సంస్థ. అంటే అమెరికా సైన్యం ‘అసలైనది’గా స్వీకరించిన మ్యాగజైన్లలో చాలా భాగం తుపాకీ కార్ఖానాలో పుట్టినవి కావు.

1935లో వెలువడిన బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్‌తో జంట వరస మ్యాగజైన్ పిస్టళ్లలో స్థిరపడింది. బెల్జియానికి చెందిన ద్యుదొన్నె సేవ్ దీన్ని రూపొందించాడు. రెండు వరసల్లో పేర్చిన పదమూడు తూటాలు పైకి వచ్చేసరికి ఒకే వరసగా కలిసే ఏర్పాటు ఇది. నేటి పిస్టళ్లలో అత్యధికం ఇదే పద్ధతిని అనుసరిస్తున్నాయి. వరసలు కలిసే మెడ భాగంలో రాపిడి ఎక్కువ కాబట్టి లోపలి నునుపు, మూలల వంపు ఒంటి వరసలో కన్నా ఇక్కడ కీలకం.

1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ 17 పాలిమర్ మ్యాగజైన్‌ను ప్రాచుర్యంలోకి తెచ్చింది. తొలితరం గ్లాక్ గొట్టాల్లో లోహపు పొర లోపలంతా ఉండేది కాదు. నిండుగా ఉంటే గొట్టం కాస్త ఉబ్బి, మ్యాగజైన్‌ను విడిపించే మీట నొక్కినా జారిపడేది కాదు. తరువాతి తరాల్లో ఉక్కు పొరను నాలుగు వైపులా విస్తరించారు.

అమెరికాలో 1994 సెప్టెంబరు 13 నుంచి 2004 సెప్టెంబరు 13 దాకా అమలులో ఉన్న కేంద్ర చట్టం పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్లను సాధారణ పౌరులకు అమ్మడాన్ని నిషేధించింది. అంతకుముందు తయారైనవాటికి మినహాయింపు ఉండటంతో పాత సరుకు ధర పెరిగింది, నాణ్యత ఎలా ఉన్నా కొనేవారు దొరికారు. బయటి మ్యాగజైన్లపై నేటికీ కొనసాగుతున్న అపనమ్మకానికి ఆ దశాబ్దపు సరుకు కొంతవరకు కారణం.

తయారీదారుల వర్గాలు

కంపెనీ, బయటి అన్న రెండు మాటలతో మార్కెట్ మొత్తం ఇమడదు. ఆచరణలో నాలుగు వర్గాలు కనిపిస్తాయి.

మొదటిది, పిస్టల్ సంస్థ తన కార్ఖానాలోనే చేసేది. గ్లాక్ దీనికి ఉదాహరణ. రెండోది, పిస్టల్ సంస్థ తన ముద్రతో అమ్మినా తయారీని మరొకరికి అప్పగించినది. ఇటలీలోని గార్దోనె వాల్ త్రోంపియా పట్టణానికి చెందిన మెక్‌గార్ సంస్థ 1965 నుంచి ఈ పనిలో ఉంది. బెరెట్టా, సిగ్ సావర్ వంటి పేరున్న సంస్థలకు మ్యాగజైన్లు చేసిచ్చేది ఇదే. అవే కొలతల గొట్టాన్ని మెక్‌గార్ తన సొంత ముద్రతోనూ అమ్ముతుంది. అలాంటి చోట కంపెనీదానికీ బయటిదానికీ మధ్య మిగిలేది ముద్ర, ధర, ఒక్కోసారి పైపూత. మూడోది, పేరు నిలబెట్టుకున్న స్వతంత్ర సంస్థలు: 1911 పిస్టళ్లకు విల్సన్ కాంబాట్, గ్లాక్ పిస్టళ్లకు మాగ్‌పుల్ ఈ వర్గానికి చెందుతాయి. నాలుగోది, తక్కువ ధరే ఆకర్షణగా అనేక మోడళ్లకు ఒకే మూసలో చేసే సంస్థలు. ఫిర్యాదుల్లో అధికభాగం ఈ చివరి వర్గం మీదే వస్తాయి. దీన్ని మూడో వర్గంతో కలిపి ‘బయటివి’ అనే ఒకే గంపలో వేయడం వల్ల చర్చ తరచు దారి తప్పుతుంది.

ఐదో కోవగా నకిలీలను చెప్పాలి. కంపెనీ ముద్రను దొంగిలించి వేసినవి బయటి మ్యాగజైన్లు కావు, మోసపు సరుకు. అక్షరాల లోతు, అచ్చు అతుకుల శుభ్రత, లోపలి తూటాలు కనిపించే రంధ్రాల పక్కన అంకెల అమరిక చూసి అనుభవజ్ఞులు వీటిని గుర్తుపడతారు.

పిస్టల్ మ్యాగజైన్లకు ఉమ్మడి ప్రమాణం లేకపోవడం ఈ గందరగోళానికి మరో కారణం. 1926లో ఏర్పడిన అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ తూటా, ఛాంబర్ కొలతలను నిర్దేశిస్తుంది కానీ ఒక్కో పిస్టల్ మ్యాగజైన్ ఎలా ఉండాలో చెప్పదు. ఎవరి మోడల్ వారిదే. అమ్మకాల ప్రాబల్యం వల్ల గ్లాక్ మ్యాగజైన్ మాత్రం దాదాపు ప్రమాణంగా మారింది. వేరే సంస్థల చిన్న రైఫిళ్లు, పిస్టళ్లు కూడా దాన్ని స్వీకరించేలా తయారవుతున్నాయి.

లోపాలు, వాటి మూలాలు

తూటా ముక్కు కిందికి వాలి ర్యాంప్‌కు గుచ్చుకుంటే సాధారణంగా ఫాలోయర్ ముందుకు ఒరిగిందని, లేదా ఫీడ్ లిప్స్ కోణం తప్పిందని అర్థం. స్లయిడ్ తూటా మీదుగా జారిపోయి, ఛాంబర్ ఖాళీగా మూసుకుంటే దొంతర సమయానికి పైకి రాలేదు: స్ప్రింగ్ బలహీనమైంది, లేదా గొట్టంలో మట్టి చేరింది. ఒకేసారి రెండు తూటాలు పైకి వచ్చి ఇరుక్కుంటే లిప్స్ విచ్చుకున్నట్టు అనుమానించాలి.

చివరి తూటా పేలాక స్లయిడ్ వెనక్కి నిలవాలి. ఫాలోయర్‌పై ఉన్న చిన్న మెట్టు స్లయిడ్ మీటను పైకి తోయడంతో ఇది జరుగుతుంది. చవకరకం బయటి మ్యాగజైన్లలో ఎక్కువగా విఫలమయ్యే పని ఇదే. మెత్తని ప్లాస్టిక్ మెట్టు కొద్దికాలంలోనే అరిగిపోతుంది. అయితే ప్రతిసారీ తప్పు మ్యాగజైన్‌ది కాదు. అమెరికా సైన్యం ఎం17, ఎం18 పిస్టళ్లను స్వీకరించే దశలో జరిగిన పరీక్షల్లో నమోదైన అంతరాయాల్లో ఎక్కువ భాగం స్లయిడ్ వెనక్కి నిలవకపోవడమే. పిడిని ఎత్తుగా పట్టుకునే సిపాయిల బొటనవేలు మీటను అణచడం దానికి ముఖ్య కారణంగా నివేదికలో పేర్కొన్నారు.

మరికొన్ని లోపాలు తూటా అందించడంతో సంబంధం లేనివి. మీట నొక్కినా మ్యాగజైన్ జారిపడకపోవడం, పూర్తిగా నింపినది మూసిన స్లయిడ్ కింద బిగుసుకోకపోవడం, గట్టిగా కొడితే ఉండాల్సిన ఎత్తు దాటి లోపలికి వెళ్లడం ఈ కోవలోవి.

స్ప్రింగ్ గురించి ఒక అపోహ బలంగా ఉంది: నింపి ఉంచితే అది చచ్చిపోతుందని. మంచి ఉక్కుతో, స్థితిస్థాపక హద్దులో ఉండేలా రూపొందించిన స్ప్రింగ్ అణిగి ఉండటం వల్ల పెద్దగా బలం కోల్పోదు. పదేపదే అణగడం, విచ్చుకోవడం వల్లనే ఎక్కువగా అలసిపోతుంది. అదే గొట్టంలో ఒకటి రెండు తూటాలు అదనంగా ఇరికించేందుకు స్ప్రింగ్ చుట్లు తగ్గించిన నమూనాల్లో ఆ హద్దు దాటే ప్రమాదం ఉంటుంది, అప్పుడు అపోహ నిజమవుతుంది. అదనపు సామర్థ్యపు అడుగు పలకలు అమర్చినప్పుడు వాటితోపాటు పొడవైన స్ప్రింగ్ కూడా ఇస్తారు. దాన్ని పక్కనపెట్టి పాత స్ప్రింగ్‌నే వాడటం తరచు కనిపించే తప్పు.

నాలుగు ఉదాహరణలు

*1911: బయటిదే మెరుగైన చోటు.* సైన్యపు 1911 మ్యాగజైన్ గుండ్రటి ముక్కు ఉన్న తూటాల కోసం పుట్టింది. దాని లిప్స్ వెనక నుంచి ముందుకు క్రమంగా విచ్చుకుంటూ తూటాను నెమ్మదిగా వదులుతాయి. పోలీసులూ పోటీ షూటర్లూ పొట్టిగా, బోలు ముక్కుతో ఉండే హాలో పాయింట్ తూటాలకు మారాక ఈ వంపు సరిపోలేదు. 1977లో బిల్ విల్సన్ స్థాపించిన సంస్థ తయారుచేసిన 47 శ్రేణి మ్యాగజైన్లు స్టెయిన్‌లెస్ గొట్టం, పెద్ద పాలిమర్ ఫాలోయర్, ఎనిమిది తూటాల సామర్థ్యంతో ఈ లోటు తీర్చాయి. 1911 పిస్టల్‌ను అనేక సంస్థలు స్వల్ప తేడాలతో చేస్తున్నందున ఇక్కడ ‘కంపెనీ మ్యాగజైన్’ అనే భావనే పలచబడింది. కొత్త 1911 కొన్నవారు దాంతో వచ్చిన మ్యాగజైన్‌ను పక్కన పెట్టి బయటిది కొనడం ఈ ఒక్క మోడల్‌లో వింత కాదు.

*గ్లాక్: కంపెనీదే కొలబద్ద అయిన చోటు.* ఉక్కు పొర మీద పాలిమర్ తొడుగు ఉన్న గ్లాక్ మ్యాగజైన్ ధరలో మరీ ఖరీదు కాదు, మన్నికలో పేరున్నది. కాబట్టి బయటివారు పోటీపడాల్సింది ధరలో. మాగ్‌పుల్ 2015లో తెచ్చిన పీమాగ్ జీఎల్9 పూర్తిగా పాలిమర్‌దే, ఉక్కు పొర లేదు. సాధన కోసం, రేంజ్‌లో వాడటం కోసం ఇది విస్తృతంగా అమ్ముడవుతోంది. ఆత్మరక్షణకు ఉంచుకునే పిస్టల్‌లో మాత్రం కంపెనీదే వాడాలని శిక్షకుల్లో ఎక్కువమంది చెబుతారు. ఈ సలహాకు రెండు మ్యాగజైన్ల మధ్య నిరూపితమైన పెద్ద తేడా కన్నా, ధర తేడా స్వల్పమైనప్పుడు ప్రయోగం ఎందుకన్న వాదనే ఆధారం.

*బెరెట్టా ఎం9: నిర్దేశమే తప్పిన చోటు.* 1985లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం9 పిస్టల్‌కు మ్యాగజైన్లను తరువాతి కాలంలో పోటీ టెండరు ద్వారా వేరే గుత్తేదారు నుంచి కొన్నారు. గొట్టం లోపలా బయటా మందపాటి ఫాస్ఫేట్ పూత ఉండాలన్నది సైన్యం పెట్టిన షరతు. తుప్పు పట్టకుండా ఇది పనికొచ్చింది. 2003లో ఇరాక్ యుద్ధం మొదలయ్యాక అక్కడి పిండిలాంటి ఇసుక ఆ గరుకు పూతకు అంటుకుని ఫాలోయర్‌ను పట్టేసింది, తూటాలు పైకి రాలేదు. గుత్తేదారు నిర్దేశాన్ని పాటించాడు, పిస్టల్ మంచిదే. లోపమంతా పూత గరుకుతనంలో ఉంది. 2006లో మెరైన్ దళం తీసుకున్న ఎం9ఏ1తో ఇసుకను తట్టుకునే నున్నని పూత ఉన్న మ్యాగజైన్లు వచ్చాయి. ఎవరు చేశారన్న ప్రశ్న కన్నా ఏ పరిస్థితికి చేశారన్న ప్రశ్న ముఖ్యమని ఈ ఉదంతం చూపుతుంది.

*గ్లాక్ 43ఎక్స్, ఎస్15: జత కుదరని పదార్థాలు.* సన్నని 43ఎక్స్ పిస్టల్‌కు కంపెనీ మ్యాగజైన్ పది తూటాలది. షీల్డ్ ఆర్మ్స్ సంస్థ పాలిమర్‌ను వదిలి పలుచని ఉక్కు గొట్టం వాడి, అదే ఎత్తులో పదిహేను తూటాలు పట్టే ఎస్15ను తెచ్చింది. గోడ మందం తగ్గించి లోపలి చోటు పెంచడం దీని సూత్రం. కానీ ఉక్కు గొట్టపు అంచు పిస్టల్‌లోని పాలిమర్ క్యాచ్‌ను కొరికేస్తుంది. అందుకని క్యాచ్‌ను కూడా ఉక్కుదానితో మార్చాలి. మార్చాక ఆ ఉక్కు క్యాచ్ కంపెనీ పాలిమర్ మ్యాగజైన్ల గాడిని అరగదీస్తుంది. ఒక భాగం మార్చితే వ్యవస్థలో మరోచోట ఒత్తిడి పడుతుందనడానికి దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ పిస్టళ్లలో అరుదు. సామర్థ్యం పదిహేను కాబట్టి ఈ మ్యాగజైన్‌ను వాషింగ్టన్ రాష్ట్రంలో అమ్మరాదు (చూ. రెడ్‌మండ్‌లో చట్టం).

పరీక్ష, గణాంకం

కొత్త మ్యాగజైన్‌ను నమ్మడానికి ముందు ఎన్ని తూటాలు పేల్చి చూడాలన్నదానికి ప్రచారంలో రకరకాల అంకెలున్నాయి. గణాంక శాస్త్రంలోని ‘మూడు నియమం’ ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక్క అంతరాయమూ లేకుండా ఎన్ని తూటాలు పేలాయో ఆ సంఖ్యతో మూడును భాగిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ వైఫల్యపు రేటు వస్తుంది. వంద తూటాలు సజావుగా పేలితే వైఫల్యం 3 శాతం దాకా ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. మూడు వందలైతే 1 శాతం. వెయ్యికి ఒకటి కన్నా తక్కువని చెప్పాలంటే మూడు వేల తూటాలు కావాలి, ఆ తూటాల ఖర్చు మ్యాగజైన్ ధరకు అనేక రెట్లవుతుంది. ఒక పెట్టె తూటాలు పేల్చి ‘బ్రహ్మాండంగా పనిచేస్తోంది’ అని తేల్చడంలో ఉన్న బలహీనత ఇదే. ‘నా దగ్గరున్న కంపెనీ మ్యాగజైన్ ఎప్పుడూ ఆగలేదు’ అన్న మాటకూ అదే బలహీనత వర్తిస్తుంది.

ప్రతి మ్యాగజైన్ విడి నమూనా. మూడింటిని కలిపి మూడు వందల తూటాలు పేలిస్తే ఒక్కోదానికి దక్కిన పరీక్ష వందే. అందుకే అడుగు పలకలపై అంకెలు వేసి, అంతరాయం వచ్చినప్పుడు ఏది వాడారో రాసుకునే అలవాటు పోటీ షూటర్లలో ఉంది. ఒకే అంకె మళ్లీ మళ్లీ కనిపిస్తే తప్పు మ్యాగజైన్‌ది. అన్నిటిలోనూ కనిపిస్తే పిస్టల్‌లోనో తూటాలోనో వెతకాలి.

కంపెనీ మ్యాగజైన్ పక్షాన ఉన్న అసలు బలం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక సైన్యమో పోలీసు శాఖో పిస్టల్‌ను ఎంపిక చేసే ముందు వేల తూటాలు ఆ మ్యాగజైన్‌తోనే పేలుస్తుంది. ఏ వ్యక్తీ సొంతంగా చేయలేని ఆ పరీక్ష ఫలం కొనుగోలుదారుకు ఉచితంగా అందుతుంది. బయటి మ్యాగజైన్‌కు సాధారణంగా ఈ వెసులుబాటు ఉండదు.

రెడ్‌మండ్‌లో చట్టం, మార్కెట్

రెడ్‌మండ్ సియాటిల్‌కు తూర్పున ఉన్న నగరం. 1986లో మైక్రోసాఫ్ట్ తన కార్యాలయాన్ని ఇక్కడికి మార్చాక ఊరు విస్తరించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వల్ల తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. తుపాకుల నియంత్రణలో వాషింగ్టన్ రాష్ట్ర చట్టానిదే పైచేయి. నగరాలు దాన్ని మించిన సొంత నియమాలు పెట్టడానికి వీల్లేదు. కనుక రెడ్‌మండ్‌కు వర్తించేది రాష్ట్ర చట్టమే.

సెనేట్ బిల్లు 5078పై గవర్నర్ జే ఇన్‌స్లీ 2022 మార్చిలో సంతకం చేశారు. ఆ ఏడాది జులై 1 నుంచి, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను రాష్ట్రంలో తయారుచేయడం, దిగుమతి చేయడం, పంపిణీ చేయడం, అమ్మడం, అమ్మకానికి ఉంచడం నేరం. అప్పటికే ఉన్నవాటిని ఉంచుకోవడాన్ని చట్టం నిషేధించలేదు. అలాంటి మ్యాగజైన్‌గా కూర్చదగ్గ విడిభాగాల సమూహం కూడా నిర్వచనంలోకి వస్తుంది. పదికి మించి పట్టకుండా శాశ్వతంగా మార్చినవి దాని పరిధిలోకి రావు. రాష్ట్రవాసి తన మ్యాగజైన్‌తో బయటికి వెళ్లి దానితోనే తిరిగి రావచ్చు. టెక్సస్ నుంచి రెడ్‌మండ్‌కు కొత్తగా కాపురం మారుస్తూ పదిహేడు తూటాల మ్యాగజైన్ వెంట తెచ్చుకోవడం మాత్రం దిగుమతి కిందికి వస్తుంది.

కెల్సో పట్టణంలోని ఒక తుపాకుల దుకాణం కేసులో కౌలిట్జ్ కౌంటీ న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో ఈ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. అదే రోజు రాష్ట్ర సుప్రీంకోర్టు కమిషనర్ ఆ తీర్పు అమలును నిలిపివేశారు. 2025 మే 8న రాష్ట్ర సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో చట్టాన్ని సమర్థించింది. ఓరెగన్‌లోనూ 2022 నవంబరులో ఓటర్లు పది తూటాల పరిమితిని ‘మెజర్ 114’ పేరుతో ఆమోదించారు. అది అక్కడి కోర్టులకెక్కింది.

ఈ చట్టం విశ్వసనీయత ప్రశ్నను కూడా మార్చింది. రెడ్‌మండ్ పరిసరాల్లో కొత్తగా కొనదగ్గది పది తూటాలదే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లోనూ ఇదే పరిమితి ఉన్నందున పిస్టల్ సంస్థలు పది తూటాల కంపెనీ మ్యాగజైన్లను పెద్ద ఎత్తున చేస్తున్నాయి. వీటిలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది గొట్టం లోపలి చోటునే తగ్గించడం: గోడలు మందంగా పోయడం, పక్కల్లో నొక్కులు పెట్టడం. రెండోది పెద్ద గొట్టంలో ఫాలోయర్ కిందికి దిగకుండా అడ్డు అమర్చడం. మొదటి పద్ధతిలో దొంతర ప్రయాణించే దారే మారుతుంది కాబట్టి దాన్ని మళ్లీ పరీక్షించి రూపొందించాలి. పిస్టల్ సంస్థలకు ఆ వనరులున్నాయి. రెండో పద్ధతిలో దారి పాతదే. అయితే అడ్డు సరిగ్గా పదో తూటా దగ్గర బిగుసుకుంటే, నిండిన దొంతర కాస్తయినా కిందికి అణగదు. అప్పుడు మూసిన స్లయిడ్ కింద మ్యాగజైన్ బిగించడం కష్టమవుతుంది. బయటివారు అమ్మే పరిమిత సామర్థ్యపు మ్యాగజైన్లలో దీన్ని పరిశీలించి తీసుకోవాలి.

పాత పెద్ద మ్యాగజైన్లు ఉన్నవారికి అవి అరిగిపోతే బదులు కొనే దారి లేదు. కాబట్టి అవి సాధనలో వాడే వస్తువులుగా కాక దాచుకునే వస్తువులుగా మారాయి. పది తూటాల కంపెనీ మ్యాగజైన్‌తో రేంజ్‌కు వెళ్లడం సాధారణమైంది. పోటీల్లోనూ పది తూటాల పరిమితి ఉన్న విభాగం ఉంది కాబట్టి క్రీడాపరంగా ఇది అడ్డంకి కాలేదు.

తెలుగువారిలో చాలామందికి వర్తించే మరో నియమం వీసాకు సంబంధించినది. కేంద్ర చట్టం ప్రకారం హెచ్1బీ వంటి వలసేతర వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీగానీ తూటాలుగానీ కలిగి ఉండరాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. వాషింగ్టన్ రాష్ట్రం పౌరులు కానివారికి తన సొంత నియమాలు కూడా పెట్టింది. ఖాళీ మ్యాగజైన్ కేంద్ర చట్టంలో తుపాకీ కాదు. దానికి వరస సంఖ్య అక్కర్లేదు, కొనుగోలుకు కేంద్రపరమైన నేపథ్య తనిఖీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

భారతదేశంలో ఈ చర్చకు చోటు తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీ విడిభాగాలు కూడా నిర్వచనంలో భాగమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పౌరుల లైసెన్సులు కమిషనరేట్లలో పోలీసు కమిషనర్ల, ఇతర చోట్ల జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటాయి. 9 మిల్లీమీటర్ల పిస్టల్ నిషేధిత బోరు. పౌరులకు దక్కేది సాధారణంగా .32 వంటి బోర్లు. బయటి మ్యాగజైన్ల బహిరంగ మార్కెట్ లేదు. పోలీసులు వాడే 9 మి.మీ. ఆటో 1ఏ పిస్టల్ ఇషాపూర్ రైఫిల్ కార్ఖానా తయారీ. హై పవర్ నమూనాదే కావడంతో దానిదీ పదమూడు తూటాల జంట వరస మ్యాగజైన్, సరఫరా కూడా ప్రభుత్వ కార్ఖానాదే.

నిర్వహణ

కంపెనీదైనా బయటిదైనా మ్యాగజైన్ అరిగే వస్తువు. గొట్టం లోపల నూనె పూయకూడదు; నూనె మట్టిని పట్టి ఉంచుతుంది, తూటా మందులోకి కూడా దిగవచ్చు. విప్పి, పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగ్‌ను తీసిన దిశలోనే తిరిగి అమర్చాలి. స్ప్రింగ్ చౌకగా దొరికే భాగం కనుక చివరి తూటాల దగ్గర ఇబ్బంది మొదలైతే ముందు మార్చవలసింది అదే. విచ్చుకున్న లోహపు లిప్స్‌ను పట్టకారతో వంచి సరిచేయడం సైన్యపు పాత 1911 మ్యాగజైన్ల కాలం నుంచి ఉన్న అలవాటే అయినా, ఒకసారి వంగిన లోహం మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. పగిలిన పాలిమర్ లిప్స్‌కు మరమ్మతు లేదు. అలాంటి మ్యాగజైన్‌ను వాడకం నుంచి తీసేయాలి.